బ్యాంకు యంత్రములకు కావలి



మన పూర్వులు సొమ్మునకు కాపుదల యనగా ఇనుపపెట్టెను, దాని తాళములను, గుమ్మమున కూర్చున్న కావలివానిని తలచెడివారు. నేడు బ్యాంకులో మీ లెక్క కాగితపు పుస్తకమున లేదు, కంప్యూటరులో నున్నది. ధాన్యమమ్మిన పైకము, వృద్ధాప్యపు పింఛను, సంఘములో తెచ్చిన అప్పు, అన్నియు నందే వ్రాయబడుచున్నవి. ఆ యంత్రమును నడపు వ్యవస్థ యెంత భద్రమైనదో తెలిసికొనుట పట్టణవాసులకే గాక పల్లెవాసులకును అవసరమని తలచి, నేటి ప్రసంగమునకు ఈ విషయము నెన్నుకొంటిని.

కంప్యూటరులో లోహపు భాగములు వేఱు. అవి చేయవలసిన పనులను నిర్దేశించు వ్రాతలు వేఱు. ఈ వ్రాతలలో అన్నిటికంటె అడుగున నుండి, తక్కినవానికి చోటిచ్చి, ఎవరు లోనికి రావచ్చునో, ఎవరు ఏ లెక్కను చూడవచ్చునో, దిద్దవచ్చునో నిర్ణయించుదానికి ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. పూర్వము గ్రామమున కరణము, మునసబు, తలారి కలిసి చేసిన పనిని ఇది యొక్కటియే చేయుననుకొనుడు. బ్యాంకు లెక్కల వ్రాత ఎంత చక్కనిదైనను, అడుగుననున్న ఈ వ్యవస్థ పరులవశమైనచో అది నిలువజాలదు.

ఇట్టి వ్యవస్థలు పలు రకములు. గుమాస్తాల బల్లలపైనను, ఏ.టి.యం. పెట్టెలలోను తఱచుగా మైక్రోసాఫ్టువారి విండోస్ ఉండును. ప్రధానమైన లెక్కలు నడచు పెద్ద యంత్రములలో ఐ.బి.యం.వారి ఏ.ఐ.ఎక్స్. వంటి యూనిక్స్ జాతివిగాని, లినక్స్‌గాని కానవచ్చును. యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. పలువురొకే యంత్రమును పంచుకొనవలసి యుండుటచే, ఒకరి కాగితములను వేఱొకరు ముట్టకుండునట్టి కట్టుబాట్లు అందు తొలినాళ్లలోనే యేర్పడినవి. విండోస్ పూర్వరూపములు ఒక్కరు వాడుకొను యంత్రమునకై పుట్టినవి. అట్టి గట్టి కట్టుబాట్లు 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి.తో గాని అందు చేరలేదు. లినక్స్‌ను 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దాని మూలపు వ్రాతను ఎవరైనను చదువవచ్చును.

ఇంతమాత్రము విని, విండోస్ చెడ్డది, తక్కినవి మంచివి యని తీర్పు చెప్పువారు పెక్కురు కలరు. నేనా తీర్పునకు సమ్మతింపను. జరిగిన సంగతులను చూతము.

విండోస్ ఎక్స్.పి. అను రూపము 2001లో వచ్చినది. 2014 ఏప్రిల్ 8వ తేదీతో దానికి మరమ్మతు లిచ్చుట మైక్రోసాఫ్టువారు మానిరి. చెఱువుగట్టు ఎంత గట్టిగా వేసినను ఎండ్రకాయలు తొలచును. ఏటేట పూడ్చువాడు లేకున్న గండి తప్పదు. ఈ వ్యవస్థలును అట్టివే. ఐనను ఆ ఎక్స్.పి.తోనే మన దేశమున పెక్కు ఏ.టి.యం.లు ఏండ్లతరబడి నడచినవి. తుదకు 2018 జూనులో రిజర్వు బ్యాంకువారు, అట్టి కాలముచెల్లిన యంత్రములలో నాలుగవ వంతును సెప్టెంబరులోగాను, మొత్తమును 2019 జూనులోగాను మార్చవలెనని గడువు విధించిరి.

ఈ లోపల 2017 మే 12న వానాక్రై యను దుష్టపు వ్రాత లోకమును చుట్టినది. కాగితములను చదువరాకుండ చేసి, విడుదలకు సొమ్మడుగుట దాని పని. బ్రిటను దేశపు ఆసుపత్రులు చిక్కుపడినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ యంత్రములు కొన్నియు చిక్కుపడినవి. అది దూఱిన రంధ్రమునకు మరమ్మతు మార్చి 14వ తేదీననే వెలువడియున్నది! ఆ రెండు నెలలలో దానిని వేసికొనిన యంత్రములకు ఆ దారి మూయబడెను.

అట్లైన యూనిక్స్ జాతి యంత్రములకు భయము లేదా? 2018 అక్టోబరులో అమెరికా ప్రభుత్వమువారొక హెచ్చరిక ప్రకటించిరి. ఆసియా, ఆఫ్రికా ఖండములలోని బ్యాంకులందు, ఏ.టి.యం. కోరికలకు జవాబిచ్చు నడిమి యంత్రములలో దొంగలు తమ వ్రాతను చొప్పించి, ఖాతాలో సొమ్ము లేకున్నను ఉన్నట్లు జవాబిప్పించి నగదు కాజేసిరట. ఆ యంత్రములు ఏ.ఐ.ఎక్స్.వే, అందును గడువు దాటిన రూపములు. ఐతే ఏ.ఐ.ఎక్స్. లోని లోపమునుబట్టి దొంగలు దూఱినట్లు నిదర్శనము కానరాలేదని ఆ ప్రకటనయే చెప్పినది. ఇది గమనింపదగినది. గోడ పగులలేదు, లోపలికి పోవు అధికారము దొంగల చేతికి చిక్కినది. తరువాత అదే వ్రాతకు విండోస్ రూపమును, లినక్స్ రూపమును కూడ బయటపడినవి.

అందఱు చదువదగిన లినక్స్‌కును ఇక్కట్టు తప్పలేదు. 2024 మార్చిలో, దానితో కూడి వచ్చు ఒక చిన్న పనిముట్టులో ద్రోహబుద్ధితో దొంగదారి పెట్టబడినట్లు తేలినది. యంత్రములోనికి ప్రవేశించుటకు అరక్షణము ఆలస్యమగుటను చూచి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను పనివాడు కారణము వెదకి పట్టుకొనెను. మూలపు వ్రాత తెఱచియుండుట మేలే. కాని శ్రద్ధతో చదువువాడొకడు ఉండవలెను గదా!

కావున వ్యవస్థ పేరుకంటె దాని పోషణము ముఖ్యమని నా నిశ్చయము. ఇది పెద్ద బ్యాంకుల విషయమే యని మీరు ఉపేక్షింపరాదు. 2024 జూలైలో ఒక సాంకేతిక సంస్థపై ఇట్టి దాడి జరుగగా, దానిపై ఆధారపడిన సుమారు 300 చిన్న బ్యాంకులను దేశపు చెల్లింపుల వ్యవస్థనుండి తాత్కాలికముగా వేఱుచేయవలసివచ్చెను. వానిలో సహకార బ్యాంకులును, గ్రామీణ బ్యాంకులును కలవు. 63 వేల ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటర్లు పెట్టు పథకమును కేంద్రప్రభుత్వము 2022లో ఆమోదించినది. ఆ సంఘముల పాలకవర్గములలో మీవంటి పెద్దలే కూర్చుండువారు. సమావేశమున మీరడుగదగిన ప్రశ్నలు నాలుగు కలవు.

మొదటిది: మన యంత్రములోని వ్యవస్థకు ఏ తేదీవరకు మరమ్మతులు వచ్చును? విండోస్ 10కి సామాన్యపు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవని జ్ఞాపకముంచుకొనుడు. రెండవది: వచ్చిన మరమ్మతులను వేయు బాధ్యత యెవరిది, కడపట వేసినదెప్పుడు? మూడవది: రహస్యపదము ఒక్కొక్కరికి వేఱుగా నున్నదా, లేక కాగితముపై వ్రాసి గోడకంటించి యున్నదా? పాటలకును సినిమాలకును వాడిన యు.యస్.బి. ముక్కలను లెక్కల యంత్రమునకు తగిలించుచున్నారా? నాల్గవది: లెక్కల ప్రతి యొకటి వేఱొకచోట, యంత్రముతో సంబంధము లేకుండ భద్రపఱచినారా? దానినుండి లెక్కలను తిరిగి తీసి యెన్నడైన పరీక్షించినారా?

వీనినడుగుటకు ఆంగ్లవిద్య యక్కఱలేదు. గుమాస్తా సమాధానము చెప్పలేకున్న కోపపడవలదు; వచ్చు సమావేశమునకు వ్రాసి తెమ్మనుడు. ఆ జవాబును తీర్మానపు పుస్తకమున చేర్పించి, ఆఱు నెలలకొకసారి మరల అడుగుడు. పేరుమోసిన పనివాడు చేసిన పెట్టెయే యైనను, తాళపుచెవిని గుమ్మమున వ్రేలాడదీసిన సొమ్ము దక్కదు. సామాన్యపు పెట్టెయైనను, కనిపెట్టుకొని యుండువాడున్న యింట దొంగకు పని కష్టము. ఆ కనిపెట్టుకొనుట మీ చేతిలోని పనియని మనవిచేసి, సెలవు తీసికొనుచున్నాను.