కలప గుజ్జు మిగులు, దాని ఉపయోగములు



చెట్టులోని నారలను బిగించి పట్టియుంచు పదార్థమునకు లిగ్నిన్ అని పేరు. కలపలో ఇది సుమారు నాలుగవ వంతు ఉండును. కాగితమునకు నారలే కావలెను గనుక మిల్లులలో కలపను రసాయనములతో ఉడికించి దీనిని వేరుచేయుదురు. సల్ఫైట్ పద్ధతిలో ఇది నీట కరగు లిగ్నోసల్ఫొనేటుగా మారును.

పూర్వము ఐరోపా, అమెరికా మిల్లులు ఈ నీటిని నదులలోనికి వదలెడివి. అందలి చక్కెరలు మురిగి నీటిలోని ప్రాణవాయువును హరింపగా చేపలు చచ్చెడివి. నార్వేలో 1889లో స్థాపితమైన బోరెగార్డ్ సంస్థ నేడు ఈ మిగులునే సరకుగా అమ్ముచున్నది.

ఇది ఆరినచో బంకవలె రేణువులను అంటించును. అందుచే పశువుల దాణా బిళ్లలు పొడికాకుండుటకును, మట్టిబాటలపై దుమ్ము అణచుటకును వాడుదురు. నీటిలోనైనచో రేణువులకు ఒకే జాతి విద్యుదావేశము కల్పించి, ఒకదానినొకటి తోసివేయునట్లు చేయును. నీట కలిపి చల్లు పురుగుమందు పొడులు ఉండకట్టకుండుటకు ఇది తోడ్పడును. కాంక్రీటులో కొద్దిగా కలిపినచో నీటిని నూటికి 5 నుండి 10 పాళ్లు తగ్గించవచ్చును; అందువలన బలము పెరుగును. మోతాదు మించినచో గట్టిపడుట ఆలస్యమగును.

ఒక హెచ్చరిక: మన దేశపు పెద్ద మిల్లులలో అధికభాగము వేరొక పద్ధతిని అనుసరించి, లిగ్నిన్ గల నల్లద్రవమును కాల్చి ఆవిరి పుట్టించుచున్నవి. కావున మిల్లు కాలువ నీరు ఈ సరకు కాదు. దానిని తెచ్చి పొలముపైగాని, బాటపైగాని పోయరాదు. శుద్ధిచేసిన సరకునే, చెప్పిన మోతాదులో వాడవలెను.