రోగం మనది, రేటు ఎవరిది?

(నరసరావుపేట సభలో చేసిన ప్రసంగం)



క్యాన్సర్ ఖర్చు ప్రభుత్వాలు మోయలేనంతగా పెరిగిపోతోందని పెద్దోళ్ళు తెగ బాధపడుతున్నారు. పెరిగిన మాట నిజమే. అయితే ఆ ఖర్చు వానలాగా పైనుంచి పడిందా? ఎవరో కూర్చుని పెట్టిన రేటు అది.

నెక్సావర్ అని ఒక మందుంది. లివరు, కిడ్నీ క్యాన్సర్లు ముదిరితే వాడతారు. జర్మనీ కంపెనీ బేయర్ దాన్ని నెలకు 2,80,000 రూపాయల పైచిలుకుకి అమ్మింది. పేటెంటు తనది, ఇంకొకడు చేయకూడదు. 2012 మార్చిలో మన పేటెంట్ల కంట్రోలరు హైదరాబాదు నాట్కో కంపెనీకి తప్పనిసరి లైసెన్సు ఇచ్చాడు. నెలకు 8,880కి మించి అమ్మకూడదని షరతు. అదే మందు! మరి మిగతా రెండు లక్షల డెబ్బై వేలు దేనికి గుంజినట్టు? బేయర్ సుప్రీంకోర్టు దాకా పోయి 2014లో ఓడిపోయింది. నాట్కోని మొయ్యడానికి చెప్పడం లేదు, అదీ లాభం చూసుకునే కంపెనీయే. మిరపకాయలు కోసే మనిషికి 8,880 కూడా మోయలేని బరువే. నా కోపమల్లా, చట్టం చేతిలో ఉండి కూడా అలాంటి లైసెన్సు మళ్ళీ ఇంకో మందుకి ఇవ్వలేదే అని.

ఇక కార్డు సంగతి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, మనోళ్ళని చాలామందిని బతికించింది. కాదనను. కానీ ఆ డబ్బు రోగం ముదిరాక కదులుతుంది, చాలావరకు ప్రైవేటు ఆసుపత్రులకి పోతుంది. 2025లో బకాయిలు రాలేదని వాళ్ళు సేవలు ఆపేస్తే మధ్యలో నలిగింది ఎవరు? కరెంటు పెట్టించుకోవాలంటే వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు తిరగాలి. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. తోడు పోయిన కూతురి కూలి ఏ పద్దులో రాస్తారు?

ముందే పట్టుకుంటే ఇంత ఖర్చుండదు. బొంబాయి మురికివాడల్లో టాటా ఆసుపత్రి వాళ్ళు 1998 నుంచి లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఒక పరిశీలన చేశారు. గర్భసంచి ముఖద్వారానికి పల్చటి వెనిగర్ లాంటి ద్రావణం అద్ది చూడటం, అంతే. చెడిన చోటు తెల్లబడుతుంది. పరీక్ష చేసినవాళ్ళలో ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2013లో చెప్పారు. (సగంమందికి పరీక్ష చేయకుండా మాటలు చెప్పి ఊరుకున్నారు. పేదాడోళ్ళంటే అంత లోకువ.) ఆ పరీక్ష చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి చదివి, నాలుగు వారాలు శిక్షణ తీసుకున్న ఆడవాళ్ళు! మన పేటల్లో పది పాసై పత్తిచేలకు పోతున్న పిల్లలు లేరా? నేను చదువు చెప్పినవాళ్ళే ఎంతమందో ఉన్నారు.

ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పేరు రాసుకుపోతే సరిపోదు. గురజాల, మాచర్ల పక్క ప్రతి పి.హెచ్.సి.లో ఈ పరీక్ష వారం వారం జరగాలి, జబ్బు తేలిన మనిషిని గుంటూరు పెద్దాసుపత్రికి సర్కారు బండిలోనే తీసుకుపోవాలి. వచ్చే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఈ అర్జీయే పెడుతున్నాం. కాగితాలు ఆ బల్ల మీదున్నాయి. ఆడవాళ్ళు ముందు సంతకాలు పెట్టండి, వేలిముద్రయినా సరే.