సెక్షన్ తెలిసినా నోరు పెగలనప్పుడు

(జవహర్‌నగర్‌లో జరిగిన కార్యకర్తల శిక్షణ శిబిరం చివరి రోజున చేసిన ప్రసంగం)



చిన్నప్పుడు మనలో చాలామందిమి గుజ్జనగూళ్ళు ఆడుకున్నవాళ్ళమే. ఇసుకతో అన్నం వండాం, ఆకుల్లో వడ్డించాం, బొమ్మల పెళ్ళిళ్ళు చేశాం. పెద్దయ్యాక నెత్తిన పడబోయే చాకిరీ అంతా ఆటలోనే నేర్చేసుకున్నాం. పొయ్యి ముందు కూర్చోవడం గురించి ఎవరూ మనకు ఉపన్యాసం ఇవ్వలేదు. మగపిల్లలు దొంగా పోలీసూ ఆడారు. కానీ పోలీసు స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు రాయించే ఆట ఆడపిల్లలం ఏనాడూ ఆడలేదు. ఈ రోజు ఆ ఆడని ఆట గురించే మాట్లాడతాను.

చదువులో, వృత్తి శిక్షణలో, పరిశోధనలో దీన్ని సిమ్యులేషన్ అంటున్నారు. అసలు పరిస్థితిని పోలిన పరిస్థితిని కల్పించి, మనిషిని అందులో నిలబెట్టి, పని చేయించి, ఆ తర్వాత కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకోవడం. పేరు కొత్తగా ఉన్నా పని పాతదే. 1759లో ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ, మదాం దు కూద్రే అనే మంత్రసానిని పల్లె స్త్రీలకు కాన్పు చెయ్యడం నేర్పమని నియమించాడు. ఆమె గుడ్డతో, తోలుతో తల్లి నడుము భాగాన్నీ బిడ్డ బొమ్మనూ తయారుచేసి, చదువురాని స్త్రీల చేతికిచ్చింది. అడ్డం తిరిగిన బిడ్డను ఎలా బయటికి తియ్యాలో వాళ్ళ చేతనే చేయించింది. అలా ఊరూరా తిరిగి వేలమందికి నేర్పింది. తప్పు జరిగితే బొమ్మ మీద జరగాలి, తల్లి మీద కాదు. ఈ విద్య మొత్తానికీ మూలసూత్రం ఇదే. 1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవర్డ్ బారోస్ అనే డాక్టరు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోగిలా నటించడం నేర్పి, వైద్య విద్యార్థులను పరీక్షించాడు. ఇప్పుడు నర్సుల నుంచి విమానం నడిపేవాళ్ళ దాకా ఈ పద్ధతిలో నేర్చుకుంటున్నారు.

మనకు దీని అవసరం ఎలా తెలిసివచ్చిందో చెబుతాను. ఈ గల్లీల నుంచి నాచారం పారిశ్రామికవాడకు షిఫ్టులకు వెళ్ళే ఆడవాళ్ళతో ఆదివారాలు కూర్చుని చట్టాలు చెప్పేవాళ్ళం. గృహహింస చట్టం 2005లో వచ్చిందనీ, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉందనీ, రక్షణ అధికారి ద్వారా మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చనీ చెప్పాం. 1983లో వచ్చిన 498ఏ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయిందని కూడా చెప్పాం. అన్నీ చక్కగా వొప్పజెప్పే ఒక అమ్మాయి ఉండేది. ఒక రాత్రి చెయ్యి వాచిపోయి ఒక స్టేషన్‌కి వెళ్ళింది. "ఏందమ్మా, ఎవరు పంపిన్రు నిన్ను? నువ్వేమన్నవని కొట్టిండు?" అని అడిగారట. వెనక్కి తిరిగి వచ్చేసింది. "సెక్షన్ యాదికుంది అక్కా, నోరే రాలే" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మనం ఆమెకు సమాచారం ఇచ్చాం. ఆ సమాచారం వాడవలసిన గది ఎలా ఉంటుందో ఇవ్వలేదు.

అప్పుడు మేం ఒక గదిలో స్టేషన్ పెట్టాం. ఒక బల్ల, ఒకే కుర్చీ. కుర్చీ ఎస్.ఐ.ది. వచ్చినామె నిలబడే ఉండాలి. పక్కన ఇంకొకరి గొడవ, మధ్యలో ఫోను, "మేడమ్ లేరు, రేపు రా" అనే మాట. ఎస్.ఐ. పాత్ర మా సీనియర్ కార్యకర్త ఒకామెకు ఇచ్చాం. పదేళ్ళుగా బాధితుల వెంట స్టేషన్లకు తిరిగినామె. కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకే, ఎవరూ రాసివ్వకుండానే, "పెద్దమనుషుల్ల కూసోని మాట్లాడుకోరాదు? పిల్లల మొఖం చూడు" అనేసింది. ఆట ఆగాక ఆమె మొహం పాలిపోయింది. "ఆ మాటలు నాలోనే ఉన్నయా?" అంది. మనం సలహా కేంద్రంలో బల్లకు ఇవతల కూర్చున్నప్పుడు కూడా ఆ కుర్చీ మన చేత మాట్లాడిస్తూనే ఉందేమో ఆలోచించండి.

ఆ గదిలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. చెయ్యి వాచిన ఆ అమ్మాయినే ఆమె పాత్ర ఆడమన్నాను. ధైర్యం వస్తుందనుకున్నాను. రెండో ప్రశ్నకే ఆమె కుప్పకూలి, గంటసేపు ఏడ్చింది. దెబ్బ నిజంగానే మళ్ళీ తగిలింది, ఈసారి నా చేతుల మీదుగా. తరువాతి ఆదివారం రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను.

1971లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ జింబార్డో ఉత్తుత్తి జైలు పెట్టి, విద్యార్థుల్లో కొందరిని కాపలాదారులుగా, కొందరిని ఖైదీలుగా చేశాడు. రెండు వారాలు నడవాల్సింది ఆరు రోజులకే ఆపేశారు. ఇది తప్పని గట్టిగా నిలదీసింది క్రిస్టీనా మాస్లాక్ అనే పరిశోధకురాలు. కాపలాదారులు ఎలా ప్రవర్తించాలో ముందే సూచనలు అందాయని తరువాతి కాలంలో బయటపడింది. వేషం ఆటదైనా గాయం ఆటది కాదు. అందుకే మేం మూడు నియమాలు పెట్టుకున్నాం. ఎవరూ సొంత కథ ఆడకూడదు. ఎవరు "ఆపు" అన్నా, కారణం అడక్కుండా ఆపాలి. అయ్యాక ఆట ఆడినంతసేపూ కూర్చుని మాట్లాడుకుని, వేషం విప్పేసి ఇంటికి వెళ్ళాలి. ఆఖరి నియమానికి టైము లేదంటే అసలు ఆటే మొదలుపెట్టకండి.

ఆడేటప్పుడు ఎస్.ఐ.ని దుర్మార్గుడిగా మాత్రమే చూపిస్తే మనం నేర్చుకునేది తక్కువ. కుటుంబ తగాదాల్లో ముందుగా ప్రాథమిక విచారణ చెయ్యవచ్చని 2013లో లలితాకుమారి తీర్పులో సుప్రీంకోర్టు అన్నది. అధికారి ఆ మాట చెబితే ఏం చెయ్యాలి? ఫిర్యాదు కాగితం అందినట్టు రసీదు అడగాలి. ఎఫ్.ఐ.ఆర్. నమోదైతే నకలు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చెయ్యకపోతే పై అధికారికి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. "మా పరిధి కాదు" అంటే? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలు హత్యకు గురైన రాత్రి, పరిధి పేరుతో తమను తిప్పారని ఆమె కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. ఈ నాలుగు వాక్యాలూ నిలబడి, గొంతు వణుకుతుండగా, అవతలి మనిషి ఫోను మాట్లాడుతుండగా చెప్పగలగాలి. కాగితం చూసి చదవడం కాదు.

పరిశోధన చేసే మిత్రులకు ఒక మాట. మన ఆటలో కనిపించేది మన భయమూ మన అనుభవమూ. స్టేషన్లలో జరిగేదానికి అది సాక్ష్యం కాదు. సాక్ష్యం కావాలంటే వేరే దారి ఉంది. 2005, 2008 మధ్య అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు రాజస్థాన్ పోలీసు శాఖతో కలిసి అధ్యయనం చేశారు. తమ మనుషులను ఫిర్యాదుదారుల్లా స్టేషన్లకు పంపి, నమోదుకు ఒప్పుకుంటారో లేదో చూశారు. కేసు రాసేలోగానే తామెవరో చెప్పేసేవారు. అలాంటివాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళ్ళినచోట నమోదుకు ఒప్పుకోవడం పెరిగిందని రాశారు. శాఖ అనుమతి లేకుండా మనం ఇలా చెయ్యకూడదు. తప్పుడు సమాచారం ఇవ్వడం నేరమవుతుంది, పైగా నిజమైన ఫిర్యాదు మీద అనుమానం పెంచుతుంది.

ఇక్కడే నా అసలు డిమాండ్ ఉంది. ఎంతసేపూ దెబ్బలు తిన్న ఆమే సాధన చేసి, నోరు తెచ్చుకుని, చక్కగా ఫిర్యాదు చెప్పాలా? గొంతు పెగలనామెకు న్యాయం అక్కర్లేదా? మంత్రసాని బొమ్మ మీద చెయ్యి తిరగాల్సింది మంత్రసానికి, తల్లికి కాదు. అలాగే రిహార్సల్ జరగాల్సింది ముందుగా బల్లకు అవతలివైపు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకునే ప్రతి ఒక్కరూ, మాట రాని మనిషి ముందు కూర్చుని, ఆమె చేత చెప్పించడం సాధన చెయ్యాలి. శిక్షణలో భాగంగా ఒక్కసారైనా కుర్చీ లేకుండా నిలబడి చూడాలి. ఈ శిబిరం తరఫున పోలీసు శిక్షణాధికారులకు రాసే వినతిపత్రంలో ఈ రెండు అంశాలూ ఉండాలని ప్రతిపాదిస్తున్నాను.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. నెలన్నర తర్వాత మళ్ళీ వచ్చింది. ఫిర్యాదు చేసినామె పాత్ర వద్దంది. ఎస్.ఐ. కుర్చీలో కూర్చుంటానంది. కూర్చుంది. ఎదురుగా నిలబడ్డామెను కాసేపు చూసి, లేచి, ఆ కుర్చీ ఆమె వైపు జరిపి, "ముందుగాల కూసో అమ్మా" అంది.

అక్కడి నుంచి మొదలుపెడదాం. సెలవు.