చెక్ ఇంజిన్ లైట్: కోడ్ చెరిపేస్తే కారు బాగైనట్టు కాదు

ఈ రోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పు గురించి.

మా ఇల్లు విద్యానగర్‌లో. నాన్నకి 2014 మోడల్ పెట్రోల్ కారు ఉంది. ఒకరోజు దాంట్లో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. నా దగ్గర ఎనిమిది వందలు పెట్టి కొన్న బ్లూటూత్ స్కానర్ ఉంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది కదా, అందులో పెట్టి యాప్ ఓపెన్ చేశాను. పి0301 అని వచ్చింది. కిందే ‘క్లియర్’ బటన్. నొక్కాను, లైట్ పోయింది. "అయిపోయింది నాన్నా, తీసుకెళ్లు" అన్నాను.

మర్నాడు నాన్న, అమ్మని హబ్సిగూడలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాడు. ఉస్మానియా క్యాంపస్ రోడ్డు దాటి తార్నాక చౌరస్తాకి వచ్చేసరికి కారు కుదుపులు మొదలుపెట్టింది. లైట్ ఈసారి మిణుకుమిణుకుమంటోంది. ట్రాఫిక్ మధ్యలో బండి ఆగిపోయింది. వెనక అందరూ హారన్లు. నాన్న ఫోన్ చేసి ఒకటే మాట అడిగాడు: "ఏందిరా, మంచిగైందన్నవ్ గదా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను చేసింది రిపేర్ కాదు. ఎర్రర్ మెసేజ్ డిలీట్ చేశానంతే. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఇలా చేస్తే నేనే తిట్టేవాణ్ణి.

సరే, ఆ కోడ్‌ని విడదీద్దాం. ‘పి’ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు సమస్య. ‘0’ అంటే అన్ని కంపెనీలకీ ఒకే అర్థం ఉన్న కోడ్. ‘3’ అంటే ఇగ్నిషన్ లేదా మిస్‌ఫైర్. ‘01’ అంటే ఒకటో సిలిండర్. మొత్తంగా, ఒకటో సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు. ఎందుకు మండట్లేదో మాత్రం కోడ్ చెప్పదు. స్పార్క్ ప్లగ్ కావచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు.

కారుని ఒక గ్యారేజీకి తీసుకెళ్తే, బానెట్ కూడా ఎత్తకుండా "నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలి, పద్నాలుగు వేలు" అన్నారు. ఏ టెస్టు చేసి చెప్తున్నారన్నా అని అడిగితే సమాధానం లేదు. ఇంటికి తెచ్చేశాం.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, ఒకటో సిలిండర్ కాయిల్‌ని రెండో దాంట్లో, రెండో దాన్ని ఒకటో దాంట్లో పెట్టాను. ఒక బోల్టు, ఒక కనెక్టర్, అంతే. ఇంకేదీ ముట్టుకోలేదు. బగ్ వెతికేటప్పుడు ఒకసారికి ఒకటే మారుస్తాం కదా, అదే ఇక్కడా. కోడ్ క్లియర్ చేసి స్టార్ట్ చేశాను. కాసేపటికి కొత్త కోడ్ వచ్చింది: పి0302! అంటే రోగం కాయిల్‌తో పాటే రెండో సిలిండర్‌కి వెళ్లింది. దొంగ దొరికాడు. కొత్త కాయిల్ పంతొమ్మిది వందలు. పద్నాలుగు వేల ఇంజెక్టర్లకి ఏ జబ్బూ లేదు.

ఒకవేళ కోడ్ పి0301 దగ్గరే ఉండిపోతే, తర్వాత ప్లగ్ మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ టెస్టుల కోసం మెకానిక్ దగ్గరికే వెళ్లండి. వారంటీలో ఉన్న కారుని మాత్రం అసలు ముట్టుకోకండి.

మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. లైట్ కదలకుండా వెలుగుతుంటే త్వరలో చూపించండి. మిణుకుమంటే మాత్రం పక్కకి ఆపేయండి. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి, ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ని వేడెక్కించి పాడుచేస్తుంది. రెండోది, క్లియర్ నొక్కే ముందు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ స్క్రీన్‌షాట్ తీయండి. తప్పు జరిగినప్పటి స్పీడు, ఇంజిన్ వేడి అందులో ఉంటాయి. క్లియర్ చేస్తే అదీ పోతుంది. నేను పోగొట్టుకున్నది అదే. మూడోది, మెకానిక్ ఏదైనా పార్టు మార్చాలంటే "ఎలా తేలింది?" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు.

ఇప్పుడు నాన్న లైట్ పోయిందా అని అడగడు. "ఎందుకొచ్చిందో తెలిసిందా?" అంటాడు. మీరూ అదే అడగండి. మళ్లీ కలుద్దాం, బై!