చదివించే చరిత్ర: ఎవరి చరిత్ర?



అగ్రరాజ్యాల సరిహద్దు వివాదాలపై వెలువడిన చరిత్ర గ్రంథాలను గురించి ప్రసంగించవలసిందిగా మమ్మల్ని ఆహ్వానించారు. విషయం విస్తారమైనది. కనుక మేము ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాము. ఈ గ్రంథాలలో మనల్ని చివరి పుట దాకా చదివించేది ఏమిటి? అలా చదివించడం కోసం గ్రంథకర్త ఎవరిని వదిలిపెడుతున్నాడు?

పందొమ్మిదో శతాబ్దపు మధ్య ఆసియానే తీసుకుందాం. ఉత్తరం నుండి జార్ల రష్యా, దక్షిణం నుండి బ్రిటిషు ఇండియా ఒకదాని వైపు ఒకటి జరుగుతూ వచ్చాయి. ఆ పోటీకి ‘గ్రేట్ గేమ్’, అంటే మహాక్రీడ, అని పేరు వచ్చింది. ఆ మాటను తొలుత వాడినవారిలో ఒకడైన ఆర్థర్ కానలీ అనే బ్రిటిషు అధికారిని 1842లో బుఖారా అమీరు వధింపజేశాడు. 1901లో వచ్చిన కిప్లింగ్ నవల ‘కిమ్’ ఆ మాటకు విశేష ప్రచారం కల్పించింది. 1990లో పీటర్ హాప్‌కిర్క్ అదే పేరుతో చరిత్ర గ్రంథం రచించారు.

అది హాయిగా చదివిస్తుంది. మారువేషంలో ఒక యువ అధికారి ఎడారులు, కనుమలు దాటుతూ ఉంటే, పట్టుబడతాడేమోనని మనకూ గుండె దడదడలాడుతుంది. ఆంగ్లేయుల పరాజయాలను సైతం రచయిత దాచలేదు. అయితే ఈ తరహా రచనలో ఒక చిక్కున్నది. బాటసారి ఊరు చేరతాడు, ఊరు విడిచిపోతాడు. కథ అతని వెంటే సాగిపోతుంది. ఊరు మాత్రం వెనుకనే ఉండిపోతుంది.

1842 జనవరిలో కాబూలు నుండి వెనుదిరిగిన సేనలో దాదాపు 4,500 మంది సైనికులు, వారి వెంట సుమారు 12,000 మంది పరిచారకులు, కుటుంబాలవారు ఉన్నారు. సైనికులలో అత్యధికులు మన హిందూస్థానీ సిపాయిలే. కానీ లోకం మనసులో నిలిచింది, అలసిన గుర్రంపై జలాలాబాదు చేరిన బ్రైడన్ అనే వైద్యుని రూపమే. మంచులో మిగిలిపోయిన పరిచారకులలో ఒక్కరి పేరైనా మనకు తెలుసునా?

పామీరు పర్వతాల సంగతి చూడండి. రెండు సామ్రాజ్యాలూ 1895లో అక్కడ తమ హద్దులను ఖరారు చేసుకున్నాయి. తమ సరిహద్దులు ఒకదానికొకటి తగలకుండా నడుమ వఖాన్ అనే సన్నని పట్టీని అఫ్ఘానిస్తానుకు అప్పగించాయి. పంజ్ నది సరిహద్దు అయింది. ఆ నదికి ఇరుగట్లా ఒకే భాష మాట్లాడే బంధువులు రెండు రాజ్యాల ప్రజలయ్యారు. వఖీ భాష మాట్లాడేవారు నేడు అఫ్ఘానిస్తాన్, తజికిస్తాన్, పాకిస్తాన్, చైనా దేశాలలో చెదరి ఉన్నారు. దౌత్య చరిత్రలలో ఇదంతా ఒక పేరాతో ముగుస్తుంది. ఆ కుటుంబాలకు మాత్రం అది నేటికీ ముగియలేదు.

సామాన్యుల గాథ రాస్తే పుస్తకం నీరసపడుతుందని కొందరంటారు. మేము అంగీకరించము. 1906 వేసవిలో టెహరాను వర్తకులు, విద్యార్థులు, చేతిపనివారు రాజ్యాంగ పాలన కోరుతూ వేల సంఖ్యలో బ్రిటిషు రాయబార కార్యాలయపు ఆవరణలో ఆశ్రయం పొందారు. అక్కడే గుడారాలు వేసుకున్నారు, పెద్ద పెద్ద డేగిసాలలో వంటలు వండుకున్నారు. ఆ ఏడే మజ్లిస్ కొలువుదీరింది. మరుసటి ఏడు, 1907 ఆగస్టు 31న, అదే బ్రిటన్ రష్యాతో ఒప్పందం చేసుకుని ఇరానును ప్రాబల్య మండలాలుగా పంచుకున్నది. ఇరానీయులను అడిగినవారు లేరు. 1911లో ఆ దేశపు కోశాధికారిగా వచ్చిన అమెరికన్ మోర్గాన్ షుస్టరును తొలగించాలని రష్యా తాఖీదు పంపగా మజ్లిస్ నిరాకరించింది. కొద్ది వారాలకే మజ్లిసే మూతపడింది. ఇంతకు మించిన ఉత్కంఠ ఏ గూఢచారి కథలో ఉంటుంది? ఎడ్వర్డ్ బ్రౌన్ 1910లోనే ఇరాన్ విప్లవ చరిత్రను ఇరానీయులను కథానాయకులుగా నిలిపి రాశారు. షుస్టర్ 1912లో తన అనుభవాలను గ్రంథస్థం చేశారు.

అయితే న్యాయం రెండు వైపులా ఉండాలి. ఇరాను నుండి ఎత్తుకొచ్చిన మనుషులను ఖీవా బజారులో బానిసలుగా అమ్మారు. అమ్మినవారూ, కొన్నవారూ, అమ్ముడుపోయినవారూ ముస్లిములే. సామ్రాజ్యాల అన్యాయాన్ని చెబుతూ ఈ మాటను దాటవేసే చరిత్ర కూడా బలహీనులను విడిచిపెట్టినదే.

కనుక మన యువతకు మా విన్నపం ఇది. ఆసక్తికరమైన పుస్తకాలను అనుమానంతో పక్కన పెట్టకండి. చదవండి, ఆనందించండి. చివరి పుట మూసిన తరువాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ నేలపై నివసించినవారి పేర్లు ఇందులో ఉన్నాయా? వారి మాట వారి భాషా మూలాల నుండి వినిపించిందా? గీత గీసిన మరునాడు వారికేమయిందో రచయిత చెప్పాడా?

మనల్ని గురించి ఇతరులు రాసేటప్పుడు, మనల్ని ఒక ‘సమస్య’గా కాక మనుషులుగా రాయాలని కోరుతాము. ఇతరుల చరిత్రను చదివేటప్పుడూ, రేపు మనమే తెలుగులో రాసేటప్పుడూ ఆ కొలబద్దనే పాటించాలి. వఖాన్ లోయలోని గొర్రెల కాపరికి మనం ఇవ్వగలిగిన గౌరవం అది.