టీ కొట్టు రాజకీయం: తిట్టేది ఒకళ్ళని, పని ఇంకొకళ్ళది

2024 మే నెల. ఎండ మాడు పగలగొడుతోంది. అయినా పొద్దున్న ఏడింటికే ఆటోలకి మైకులు కట్టుకుని వీధిలోకి వచ్చేస్తున్నారు. 13వ తారీఖు సోమవారం పోలింగ్, 11 సాయంత్రానికి మైకులు బంద్. ఈలోపు జగ్గయ్యపేటలో గానీ నందిగామలో గానీ ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే టాపిక్. అందుకే ఇవాళ్టి ఎపిసోడ్ నాయకుల గురించి కాదు, మన గురించి. మనం ఎవర్ని సణుగుతున్నాం, ఆ సణుగుడు చివరికి ఎక్కడికి పోతోంది, అదీ ఇవాళ్టి సంగతి.

ముందే ఒక మాట. ఫలానా పార్టీకి వెయ్యమనీ చెప్పను, వెయ్యొద్దనీ చెప్పను. ఆ డ్యూటీ చేసేవాళ్ళు వాట్సాప్‌లో చాలామంది ఉన్నారు. అందులో సగం మంది మన చుట్టాలే.

సరే, మన టీ కొట్టు మాటలు ఎట్లా ఉంటాయో మీకు తెలియనిది కాదు.

"ఏం బావా, ఈసారి ఎవరంటావ్?"

"ఎవరైతే ఏందిరా, మన రోడ్డు ఇట్టాగే ఉంటది."

"అట్టా అంటావేంది? పోయినసారి నువ్వేగా జెండా పట్టుకు తిరిగావ్?"

"తిరిగా. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. అది కూడా వాళ్ళ పుణ్యమే."

ఇంకో బల్ల మీద ఇంకో కచేరీ. కాల్వలో నీళ్ళు రాలేదు, ఎమ్మెల్యే పట్టించుకోలేదు. మిరప రేటు పడిపోయింది, ఎమ్మెల్యే ఏం చేస్తున్నాడు? టోలు గేటు దగ్గర డబ్బులు గుంజుతున్నారు, ఎమ్మెల్యే మాట్లాడడు. గ్యాస్ బండ రేటు? అది కూడా ఎమ్మెల్యే ఖాతాలోకే. పాపం, పెళ్ళిలో పప్పులో ఉప్పు తక్కువైనా ఆయన్నే అనేట్టున్నారు.

ఇక్కడ ఒక తమాషా గమనించారా? ఇది దేశం మొత్తానికి జరుగుతున్న ఎన్నిక. ఢిల్లీలో 543 మంది కూర్చునే సభ కోసం. మనకి అసెంబ్లీ కూడా కలిసొచ్చింది కాబట్టి రెండు ఓట్లు. కానీ గంటసేపు టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఎంపీ అనే మాట రెండుసార్లు కూడా వినపడదు. వినపడినా, "ఈసారి అన్నదమ్ములు ఇద్దరూ నిలబడ్డారంటగా" అనే వినపడుద్ది. నిజమే, 2024 ఎన్నికలో కేశినేని నాని గారు, కేశినేని చిన్ని గారు, అన్నదమ్ములు, ఎదురెదురుగా నిలబడ్డారు. అది మంచి కాలక్షేపం. కానీ ఆ కుర్చీ పనేంటి అని మాత్రం ఎవరూ అడగరు.

నేను బీటెక్ చేసి కొన్నేళ్ళు హైదరాబాద్‌లో కోడ్ రాసినవాణ్ణి. అక్కడ ఒక రూల్ ఉండేది. ఏదైనా పని చెయ్యకపోతే టికెట్ వెయ్యాలి. ఆ టికెట్ సరైన టీమ్‌కి వెయ్యాలి. రాంగ్ టీమ్‌కి వేశారనుకోండి, వాళ్ళు రెండు రోజులు ఉంచుకుని "ఇది మాది కాదు" అని మూసేస్తారు. ప్రాబ్లమ్ అట్లాగే ఉంటది, టికెట్ మాత్రం క్లోజ్ అయిపోతది. మన సణుగుడుకి జరుగుతోంది సరిగ్గా అదే. సణుగుడు తప్పు కాదు. మనోళ్ళ సణుగుడులో విషయం ఉంది. అడ్రసే తప్పు.

ఒక్కోటి చూద్దాం.

మొదటిది సాగర్ నీళ్ళు. మనది మెట్ట. సాగర్ ఎడమ కాల్వ తెలంగాణలో నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపంతా తిరిగి, చివర్న మన దగ్గరికి వస్తది. అంటే కుండలో చివరి గ్లాసు మనది. 2023లో వానలు సరిగా లేక సాగర్ నిండలేదు, చివరి గ్లాసు సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు చెప్పండి, కాల్వ ఇంకో రాష్ట్రంలో మొదలై మన దగ్గరికి వస్తుంటే, మన ఎమ్మెల్యే ఒక్కడు అరిస్తే ఆ నీళ్ళు వస్తాయా? 2014 విభజన చట్టంలో కృష్ణా బోర్డు అని ఒకటి పెట్టారు. అది కేంద్రం కింద ఉంటది. నీళ్ళ వాటాలు తేల్చడానికి 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ వేశారు. అప్పుడు నేను మూడో తరగతి. ఇప్పుడు ఉద్యోగం చేసి మానేశా కూడా, ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది. 2023 నవంబర్ 30న, తెలంగాణ పోలింగ్ రోజున, సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడితే, చివరికి కేంద్రం దిగి అక్కడ సీఆర్పీఎఫ్‌ని పెట్టాల్సి వచ్చింది. కాబట్టి మన చేలో నీళ్ళ గురించి మాట్లాడాల్సిన నోరు ఒకటి అమరావతిలో ఉండాలి, ఇంకోటి ఢిల్లీలో ఉండాలి. ఢిల్లీ నోరు ఎంపీదే.

రెండోది రైలు. జగ్గయ్యపేటకి పట్టాలు ఉన్నాయి. గూడ్సు బళ్ళు తిరుగుతున్నాయి, చుట్టూ ఫ్యాక్టరీల సిమెంటు ఎక్కుతోంది. మనిషి ఎక్కే బండి మాత్రం లేదు. సిమెంటు బస్తా రైల్లో పోతది, బస్తా మోసినోడు బస్సులో నిలబడి పోతాడు. మోటుమర్రి నుంచి విష్ణుపురం దాకా ఆ లైను డబ్లింగ్‌కి 2024 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. మంచిదే. రెండో పట్టా పడ్డాక కూడా మనకి ప్యాసింజరు బండి ఉంటదా ఉండదా? ఇది అడగాల్సింది మున్సిపాలిటీ కౌన్సిలర్ని కాదు, రైల్వే మంత్రిని. మన తరఫున ఆయన్ని సభలో లేచి అడిగే హక్కు ఎంపీకి ఉంది.

మూడోది హైవే. 65వ నంబరు జాతీయ రహదారి. పేరులోనే జాతీయ అని ఉంది. టోలు రేటు పెంచినా, ఊరి దగ్గర అండర్‌పాస్ కట్టినా కట్టకపోయినా, లెక్క కేంద్రందే. ఊళ్ళోకి వెళ్ళే గుంతల రోడ్డు మాత్రం రాష్ట్రానిది, లేదా పంచాయతీది. దానికి ఎమ్మెల్యేని గట్టిగా అడగండి, నేనూ వస్తా.

నాలుగోది పంట రేటు. పత్తికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తది. 2023-24 సీజన్‌కి పొడుగు పింజ క్వింటా 7,020 రూపాయలు ఉండేది. కొనాల్సింది సీసీఐ, అదీ కేంద్రందే. మరి మిరప? మనోళ్ళు అప్పు చేసి వేసేది మిరప, రాత్రిళ్ళు కాపలా పడుకునేది మిరప కల్లంలో. కానీ కేంద్రం మద్దతు ధర లిస్టులో మిరప లేనే లేదు. గుంటూరు యార్డుకి తోలుకుపోయాక ఆ రోజు ఎంత పలికితే అంత. ఆ లిస్టు తయారయ్యేది ఢిల్లీలో.

ఐదోది కరువు పని. అదేనండి, ఉపాధి హామీ. 2024 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో రోజు కూలి 300 ఉండేది. ఆ అంకె వేసేది కూడా ఢిల్లీయే. ఎండలో గడ్డపార పట్టుకున్న మన అక్కలు "ఈ మూడొందలు ఏ మూలకి సరిపోతాయి" అని తిట్టేది మాత్రం ఫీల్డ్ అసిస్టెంట్‌ని. ఆయనేం చేస్తాడు పాపం.

పింఛను (2024 మేలో అది మూడు వేలు ఉండేది) రాష్ట్రానిది, ఊళ్ళో డ్రైనేజీ రాష్ట్రానిది. 2024 మే పింఛను బ్యాంకులో వేస్తే ముసలాళ్ళు ఎండలో క్యూ కట్టారు. మీ వల్ల అంటే మీ వల్ల అని రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. ఆ గొడవ అసెంబ్లీ ఓటుతో తేల్చుకోండి. నేనంటోంది, ఆ గొడవలో రెండో ఓటుని మర్చిపోవద్దని.

ఇప్పుడు మీలో కొంతమంది అనుకుంటారు, "అన్నా, 543లో ఒక్క ఎంపీ ఏం పీకుతాడు?" న్యాయమైన ప్రశ్నే. ఏటా నియోజకవర్గానికి ఎంపీ నిధులు 5 కోట్లు. వినడానికి పెద్దగా ఉంటది. విజయవాడ ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీలు ఉన్నాయి, సుమారు 17 లక్షల ఓటర్లు. భాగిస్తే మనిషికి ఏడాదికి 30 రూపాయల లోపు. మూడు టీలు. కాబట్టి ఎంపీ అంటే బస్ షెల్టర్ మీద పేరు రాయించుకునేవాడు అనుకుంటే, నిజంగానే పెద్దగా ఉపయోగం లేదు. ఎంపీ అసలు పనిముట్టు డబ్బు కాదు, ప్రశ్న. లోక్‌సభలో ఎంపీ రాతపూర్వకంగా ప్రశ్న వేసి, అది లిస్టులోకి వచ్చిందంటే, మంత్రిత్వ శాఖ జవాబు ఇచ్చి తీరాలి. ఆ జవాబు రికార్డులో ఉంటది, ఎప్పటికీ. "చూస్తాం బాబూ" అని భుజం తట్టి పంపించడం అక్కడ కుదరదు.

ఇంకొంతమంది అంటారు, "ఎవరు చూస్తార్లే, రెండు బటన్లూ ఒకటే గుర్తుకి నొక్కేస్తాం." మీ ఇష్టం, ఆలోచించి నొక్కితే అదీ కరెక్టే. కానీ మనోళ్ళు ఎప్పుడూ అట్లా నొక్కలేదండోయ్. 2019 చూడండి. విజయవాడ ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీల్లో ఆరు వైసీపీ గెలిచింది, మన పేట, నందిగామతో సహా. ఎంపీ మాత్రం టీడీపీ. ఎంత తేడాతో? 8,726 ఓట్లు. అంటే వేలమంది ఒక బటన్ ఇటు, ఒక బటన్ అటు నొక్కారన్నమాట. అదే ఎన్నికలో విజయవాడ సెంట్రల్‌లో ఎమ్మెల్యే గెలిచింది 25 ఓట్లతో. ఇరవై ఐదు! మన పేట షేర్ ఆటోలో ఎక్కించే లెక్కన రెండు ట్రిప్పులు. "నా ఒక్క ఓటుతో ఏమవుద్దిలే" అనే బాబాయికి ఈ అంకె చెప్పండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీరు ఊరుకోరు. ఎంపీ అభ్యర్థి ఖర్చు చట్టప్రకారం 95 లక్షలు దాటకూడదు. 17 లక్షల ఓటర్లకి పంచి చూడండి. తలకి ఐదున్నర రూపాయలు. టీ పది రూపాయలు. అంటే చట్టం ప్రకారం ఒక్కో ఓటరుకి అరకప్పు టీ. ఇప్పుడు మీ వీధిలో జరుగుతున్న ఖర్చు అరకప్పులో ఉందో లేదో మీరే చూసుకోండి. ఇవ్వడం నేరం, తీసుకోవడమూ నేరం. సీ-విజిల్ యాప్‌లో ఫొటో తీసి పెడితే 100 నిమిషాల్లో స్పందించాలనేది ఎన్నికల సంఘం పెట్టుకున్న లెక్క.

సరే, మరి ఏం చేద్దాం? మన దగ్గర ఒక అలవాటు ఉంది. గుమ్మం ముందుకి ఎవరొచ్చినా మామ్మ నవ్వుతూ "నీకు కాక ఇంకెవరికేస్తాం నాయనా" అంటది. పొద్దున ఒక జెండాకి, సాయంత్రం ఇంకో జెండాకి, అదే నవ్వు, అదే మాట. మామ్మ తెలివి మామ్మది, దాన్ని నేను తప్పు పట్టను. ఊళ్ళో అందరితో బతకాలి కదా. కానీ మామ్మ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనవడివి నువ్వు, మనవరాలివి నువ్వు. మీరు ఒక్క ప్రశ్న అడగొచ్చు. "అన్నా, ఎంపీ గారు గెలిచిన మొదటి సంవత్సరంలో మన గురించి లోక్‌సభలో ఏ ప్రశ్న వేస్తారు?" అంతే. గొడవ పడొద్దు, వీడియో వైరల్ చెయ్యాలని చూడొద్దు. నీళ్ళా, రైలా, మిరపా, ఏదో ఒకటి చెప్పమనండి. చెప్పింది డేట్ వేసి ఫోన్‌లో రాసుకోండి. అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఉంటాయి. రీల్స్ చూసే టైమ్‌లో పది నిమిషాలు చాలు. గెలిచాక ఎవరు ఏ ప్రశ్న వేశారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో కనపడుద్ది. పేరు కొట్టి చూస్కోవడమే.

13న బూత్‌లో రెండు మెషిన్లు ఉంటాయి. తెల్ల కాగితం ఎంపీది, గులాబీ కాగితం ఎమ్మెల్యేది. బటన్ నొక్కాక పక్కన అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనపడుద్ది, చూసుకునే బయటికి రండి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు బస్సు టికెట్ ఇప్పుడే చూస్కోండి. తెలంగాణలో కూడా అదే రోజు ఎంపీ పోలింగ్, రష్ మామూలుగా ఉండదు.

ఇంకో మాట. ఈ నెల రోజుల్లో పార్టీల కోసం మాటలు మానేసిన బావలు, బావమరుదులు మన రెండు ఊళ్ళలోనూ ఉన్నారు. జూన్ 4న కౌంటింగ్ అయిపోతది. గెలిచినోళ్ళు ఢిల్లీ వెళ్తారు, ఓడినోళ్ళు విజయవాడ వెళ్తారు. జూన్‌లో వాన పడ్డాక దుక్కికి ట్రాక్టర్ కావాలంటే మాత్రం మీరు ఫోన్ చెయ్యాల్సింది ఆ బావకే. కాబట్టి సణుగుదాం, జోకులు వేసుకుందాం, సరైన గుమ్మం ముందు అడుగుదాం. టీ డబ్బులు మాత్రం ఓడిపోయిన పార్టీ వాళ్ళతో కట్టించొద్దు, వాళ్ళు ఆల్రెడీ బాధలో ఉంటారు.

మీ ఊరి తరఫున లోక్‌సభలో ఒకే ఒక్క ప్రశ్న వేయించాలంటే ఏది వేయిస్తారు? ఊరి పేరుతో సహా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం.