2147483647: జావా ఇంట్ లిమిట్ వెనక ఉన్న ప్రైమ్ నంబర్

ఈరోజు ఎపిసోడ్ అంతా ఒకే ఒక్క నంబర్ మీద. 2147483647. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. జావాలో ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దీనికి 1 కలిపి ప్రింట్ చేసి చూడండి, మైనస్ 2147483648 వస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు. అసలు ప్రమాదం అక్కడే.

ఇది 2 పవర్ 31 మైనస్ 1. బైనరీలో వరసగా 31 ఒకట్లు. పైగా ఇది ప్రధాన సంఖ్య. ఈ రూపంలో ఉండే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రైమ్స్ అంటారు. 3, 7, 31, 127 అని లెక్కపెడుతూ పోతే ఇది ఎనిమిదోది. పవర్‌లో ఉన్న 31 కూడా మెర్సెన్ ప్రైమే కాబట్టి దీన్ని డబుల్ మెర్సెన్ అని కూడా అంటారు.

మరి ప్రధానమని ఎలా తెలిసింది? దీని వర్గమూలం దాదాపు 46341. మామూలుగా అయితే అంతవరకూ ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. అవి వేలల్లో ఉన్నాయి. ఆయిలర్ ఏం చేశాడంటే, దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని తేల్చాడు. మిగతావన్నీ చూడక్కర్లేదు! పని 372 భాగహారాలకు దిగింది. 1772లో బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పాడు. అప్పటికే ఆయనకు చూపు దాదాపు పోయింది.

1811లో పీటర్ బార్లో అనే ఆయన, ఇంతకంటే పెద్ద ప్రైమ్‌ని ఇక ఎవరూ కనిపెట్టరు, వీటితో ఉపయోగం లేదు కదా అని రాశాడు. 1867లో ఇంకా పెద్దది దొరికింది.

చాలామంది అడిగేది, ప్రైమ్ కాబట్టే లిమిట్‌గా పెట్టారా అని. కాదండీ. 32 బిట్లలో ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతుంది, మిగిలేవి 31, అంతే. 16 బిట్ల లిమిట్ 32767 చూడండి, అది 7 × 31 × 151. 64 బిట్లదీ 7తో భాగించబడుతుంది. మనది కేవలం కాకతాళీయం.

కానీ ప్రైమ్ కావడం వేరేచోట పనికొచ్చింది. సీ ప్లస్ ప్లస్‌లో మిన్‌స్టాండ్ ర్యాండ్ జీరో అనే రాండమ్ జనరేటర్ ఉంది. ప్రతిసారీ పాత విలువని 16807తో గుణించి, ఈ నంబర్‌తో భాగించి శేషం తీసుకుంటుంది. 1 నుంచి 2147483646 దాకా ప్రతి విలువా ఒక్కోసారి వచ్చాకే మళ్లీ మొదలవుతుంది. పాపం బార్లో!

ఇక 2038. పాత సిస్టమ్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెడతాయి. మన టైమ్‌లో 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి ఆ లెక్క ఈ నంబర్‌ని చేరుతుంది. మార్చని మెషీన్లలో తర్వాతి సెకను 1901 డిసెంబరు. మీ ప్రాజెక్ట్‌లో టైమ్‌ని ఏ టైప్‌లో దాస్తున్నారో చూసి కామెంట్‌లో పెట్టండి.